పాల వరస

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి అజ్మాన్‌లోని ఆ రెండు గదుల ఫ్లాట్‌లో ఎప్పటి సందడే ఉంది. అయేషా పంపుతో తీసిన పాలను సీసాల్లో పోసి, మూతల మీద టైము రాసి, ఫ్రిజ్‌లో సర్దుతోంది. ఆమె తల్లి వజీరాబీ నాలుగు నెలల మనవరాలు షిఫాను భుజాన వేసుకుని ఒంటి చేత్తోనే చపాతీలు కాలుస్తోంది. అల్లుడు అజ్మతుల్లా కారు తాళాల కోసం ఇల్లంతా వెతికాడు. చివరికి అవి తన జేబులోనే దొరికితే, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. వజీరాబీకి చదువు రాదు. అందుకని అయేషా ఆ కాగితం మీద నాలుగు గడియారాలు గీసి, ఒక్కోదాని పక్కన పాలసీసా బొమ్మో, నిద్రపోతున్న పాప బొమ్మో వేసింది. ఫోటో చూసి ఆఫీసులో వాళ్ళు కూడా మెచ్చుకున్నారు. తల్లికి ఇబ్బంది లేకుండా ఇంత తెలివిగా ఏర్పాటు చేసినందుకు అయేషాకు తన మీద తనకే ముచ్చటగా ఉండేది.

షార్జాలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉద్యోగం ఆమెది. కాన్పు సెలవు అయిపోగానే రాయచోటి నుంచి తల్లిని విజిట్ వీసా మీద పిలిపించుకుంది. ఆ వీసా గడువు ఇంకో పదకొండు రోజుల్లో ముగుస్తుంది. తల్లిని ఇక్కడే ఉంచేసుకోవడానికి కాగితాలన్నీ సిద్ధం చేసి పెట్టుకుంది. తల్లి ఉంటేనే ఉద్యోగం, లేకపోతే లేదు. కానీ ఎన్నిసార్లు అడిగినా వజీరాబీ ఔననదు, కాదనదు. వారం కిందట మాత్రం ఒక కోరిక కోరింది. వెళ్ళేలోపల ఒకసారి తూర్పు తీరాన ఉన్న ఖోర్ ఫక్కాన్ ఊరు చూడాలట.

వెళ్ళేలోపల అన్న మాట అయేషాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా సరేనంది. రెండు రోజులు సముద్రపు గాలి తగిలితే, హోటల్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, అమ్మ మనసు మెత్తబడుతుందనుకుంది. మెత్తబడింది ఎవరి మనసో తర్వాత తెలిసింది.

ఆ ఊళ్ళోనే ఒక అరబ్బుల ఇంట్లో వజీరాబీ ఇరవయ్యేళ్ళు పని చేసింది. అయేషా ఐదు నెలల చంటిపిల్లగా ఉండగా తండ్రి లారీ ప్రమాదంలో పోయాడు. నలభయ్యో రోజు కాగానే వజీరాబీ విమానం ఎక్కింది. చంటిదాన్ని అమ్మమ్మ హుస్సేనమ్మ సాకింది. రెండేళ్ళకోసారి అమ్మ అనే ఒకామె పెట్టె నిండా సబ్బులూ పొడిపాల డబ్బాలూ తెచ్చేది, రెండు నెలలుండి, అలవాటయ్యే వేళకు మళ్ళీ వెళ్ళిపోయేది. ఆమె ఉండే ఊరి పేరు కూడా ఎవరూ పట్టించుకోలేదు. రాయచోటిలో అందరికీ అది దుబాయే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కొండల్లో సొరంగాలు దాటి కారు దిగువకు వచ్చేసరికి సముద్రం కనిపించింది. కొండల ఒడిలో వంపు తిరిగిన తీరం, చివర ఓడరేవు క్రేన్లు, వెనక రాతిగోడల పాత బజారు. హడావుడి లేని ఊరు. దుకాణదారులు కూడా అమ్మితే అమ్మాం, లేకపోతే లేదు అన్నట్టు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. నాలుగైదు వందల ఏళ్ళ కిందట పోర్చుగీసువాళ్ళు కట్టిన గోడ ఎక్కడుండేదో వజీరాబీ కారులోంచే అల్లుడికి చూపించింది. చేపల మార్కెట్లో ఒక ముసలాయనతో అరబ్బీలో బేరమాడింది. ఆయనేదో అన్నాడు. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా నవ్వింది. తల్లికి అంత నవ్వు ఉందని అయేషాకు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా తెలియదు. చూడముచ్చటగా ఉండాల్సిన ఆ నవ్వును చూడలేక ఆమె ముఖం తిప్పుకుంది.

మర్నాడు పొద్దున వజీరాబీ తన సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసింది. రెండు నెలల కిందట రాయచోటి నుంచి తెచ్చి, ఎవరినీ ముట్టనివ్వకుండా మంచం కింద దాచిన డబ్బా అది. అందులో వేరుశనగ పాకం ఉండలు ఉన్నాయి. తను పని చేసిన ఆ పాత ఇంటికి ఒకసారి వెళ్ళొద్దామా అని కూతుర్ని అడిగింది. అడిగేటప్పుడు కూతురి ముఖం చూడలేదు.

ఆ ఇల్లు పాత బజారుకు రెండు వీధుల అవతల ఉంది. అజ్మతుల్లాను మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లోకి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళ గదిలో ఇంటి పెద్దామె ఉమ్ సయీద్ వజీరాబీని కౌగిలించుకుని, చేయి వదలకుండా పక్కనే కూర్చోబెట్టుకుంది. ఖర్జూరాలు, గవ్వా అనే అరబ్బుల కాఫీ వచ్చాయి. అంతలో తలుపు తోసుకుని ఒక పొడుగాటి యువకుడు నేరుగా ఆ గదిలోకే వచ్చేశాడు. ఆడవాళ్ళ గదిలోకి పరాయి మగవాడు ఎలా వచ్చాడో అర్థంకాక అయేషా గబగబా దుపట్టా ముఖం మీదికి లాక్కుంది. అతను ఆమెను దాటి వెళ్ళి, వజీరాబీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె తల మీద ముద్దు పెట్టాడు.

"ఉమ్మీ," అన్నాడు. అమ్మా అని.

ఉమ్ సయీద్ నవ్వుతూ అయేషా దుపట్టాను తన చేత్తోనే వెనక్కి సర్దింది. క్లినిక్‌లో నేర్చిన అరబ్బీ అయేషాకు సరిపోయింది. వీడి ముందు నీకు దాపరికం లేదమ్మా, వీడు నీ తమ్ముడు, మీ అమ్మ పాలు తాగి పెరిగాడు అని చెప్పిందామె. వాళ్ళ లెక్కలో ఐదుసార్లు కడుపునిండా పాలిచ్చిన ఆడది తల్లే. ఆమె బిడ్డలు తోబుట్టువులే, వాళ్ళ మధ్య పెళ్ళి కూడా కుదరదు. ఐదుసార్లేం, ఏడాదిన్నర ఇచ్చింది అని ఆమె గొప్పగా చెబుతోంది. ఆమె కొడుకు సయీద్ ఆ స్టీలు డబ్బా మూత తీసి, చిన్నపిల్లాడిలా రెండు ఉండలు ఒకేసారి నోట్లో వేసుకున్నాడు.

వజీరాబీ తల దించుకుని తివాచీ అంచు సవరిస్తూ కూర్చుంది.

తిరుగుదారిలో అయేషా తల్లి పక్కన కాక ముందు సీట్లో కూర్చుంది. ఎండ తగ్గాక తల్లీకూతుళ్ళు సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ళిద్దరి మధ్య వాతావరణం బాగాలేదని గ్రహించిన అజ్మతుల్లా పాపను బండిలో తోసుకుంటూ దూరంగా వెళ్ళాడు.

"నేను ఊళ్ళో గంజి తాగి బతికినా," అంది అయేషా. "అవ్వ మేకపాలలో నీళ్ళు కలిపి పోసేదంట. నా పాలు నువ్వు వానికిచ్చినావు. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పి ఏం చేద్దును పాపా. నీ నోటికాడిది తీసి ఇంగొకరికి పెట్టినానని చెప్పల్లనా?"

"వాణ్ణి ఇరవయ్యేండ్లు సాకినావు. నా బిడ్డను సాకమంటే మాత్రం నీకు నోరు రాదు."

వజీరాబీ అలల వైపు తిరిగింది. కోపం వచ్చినప్పుడు కూడా ఆమె గొంతు పెరగదు. పెరగకూడదని ఇరవయ్యేళ్ళు నేర్చుకున్న గొంతు అది.

"చంటిబిడ్డ ఉందని తెలిస్తే వీసా ఇచ్చిన కఫీల్ ఎనక్కి పంపిస్తాడని ఏజెంటు చెప్పినాడు. చీర చించి రొమ్ములకు బిగించి కట్టుకోని విమానం ఎక్కితి. పది దినాలు బాత్రూములో పిండి పారబోసినా. ఆడ నువ్వు ఏడుస్తాండావని అనిపించేది, ఈడ పాలు చేపుకొచ్చేటివి. యాడ పొయ్యల్ల వాటిని? పదకొండో దినం ఆ యమ్మకు జొరమొచ్చి పడిపాయ. పిల్లోడు సీసా పట్టక గుక్కపెట్టి ఏడుస్తాంటే, వాళ్ళ ముసిలామె నా జాకెట్టు తడిసింది చూసి బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. కండ్లు మూసుకోని ఇచ్చినా. నువ్వే అనుకోని ఇచ్చినా."

అయేషా ఏదో అనబోయింది. వజీరాబీ చేయెత్తి ఆపింది. ఇన్నేళ్ళలో అలా ఆపడం ఇదే మొదటిసారి.

"ఆ ఇంట్లో గూడా ఫ్రిజ్జు మింద గడియారాలు గీసి పెట్టిండ్రి. నీ ఇంట్లో చూసినప్పుడు అనుకుంటి, నా బిడ్డ ఇంకా బాగా గీసిందే అని. మొన్న నీ ఆఫీసు ముదీర్ ఫోన్లో అడిగినాడే, పాపను ఎవరు చూసుకుంటారని. ఘర్ మే ఏక్ ఔరత్ హై అంటివి, ఇంట్లో ఒక ఆడమనిషి ఉందని. నాకు హిందీ వచ్చు పాపా. అమ్మ ఉంది అనలేదు నువ్వు."

అయేషాకు ఆ ఫోను గుర్తుంది. అమ్మ అంటే ఆయన ఇంకా ఏవో అడుగుతాడని, త్వరగా ముగించాలని అలా అనేసింది. ఆ సమయంలో తల్లి పక్కనే పాప గుడ్డలు మడతపెడుతోంది. ఇంట్లో అందరూ తిన్నాకే తల్లి తినేది. ఎవరైనా వస్తే లేచి వంటగదిలోకి పోయేది. హాల్లో పాప ఉయ్యాల పక్కనే చాప వేసుకునేది. అదంతా ఆమె అలవాటనుకుంది అయేషా. ఎవరు చేసిన అలవాటో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేనుండను," అంది వజీరాబీ. "నీ మింద కోపంతో కాదు. అమ్మ కావల్లని పిలిచినావని వచ్చినా. ఆయా కావల్లంటే ఆ పని చేసి చేసి అలిసిపోయినా."

పాప ఏడుపు దూరం నుంచే వినిపించింది. అజ్మతుల్లా బండి తోసుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చాడు. అయేషా సంచిలో సీసా కోసం వెతికింది. వజీరాబీ ఆ సంచి మూసేసి, తన పమిట చాచి గాలికి అడ్డంగా, మనుషుల కళ్ళకు అడ్డంగా పట్టుకుంది.

"సీసా తర్వాత. ఒళ్ళో పెట్టుకోని ఇయ్యి. చేతిలో బిడ్డ ఉన్నప్పుడు ఇయ్యల్ల."

అయేషా పాలిస్తూ ఏడ్చింది. పమిట అవతల తల్లి ఏడుస్తోందో లేదో ఆమెకు కనిపించలేదు.

ఆదివారం హోటల్లో అయేషా తనే పళ్ళెం నింపి తీసుకొచ్చి తల్లి ముందు పెట్టింది. వజీరాబీ కుర్చీ అంచున కూర్చుని, రెండుసార్లు నీళ్ళకోసం లేవబోయింది. రెండుసార్లూ అయేషా భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది. ఉండమని మళ్ళీ అడగలేదు. అడిగే హక్కు తనకు లేదని తెలిసింది.

వీసా గడువుకు ఒక రోజు ముందు షార్జా విమానాశ్రయంలో పాపను తల్లి చేతికిచ్చి, అయేషా ఆమె ట్రాలీ తోసింది. లోపలికి వెళ్ళే ముందు, ఆ ఉండలు నాకెప్పుడైనా చేసిపెట్టినావా అమ్మా అని అడిగింది. నిష్ఠూరంగా అడగాలనుకుంది కానీ గొంతు చిన్నపిల్లదైపోయింది.

వజీరాబీ కూతురి తల మీద చేయి పెట్టింది. "ఊరికి రా. పని చెప్పేకి కాదు, తినేకి రా. నువ్వు చాలనేదాకా చేసిపెడతా." తర్వాత పాప నుదుటి మీద ముద్దు పెట్టి, వెనక్కి తిరగకుండా లైన్లో నిలబడింది.

తల్లి ఊరికి వెళ్ళిన నాలుగో రోజు, పక్క ఫ్లాట్ మంజుల పాపను చూసుకునేందుకు ఒకామెను వెంటబెట్టుకొచ్చింది. ఖతీజాబీ, కడప దగ్గరి పల్లె. వచ్చి పది రోజులే అయిందట, రమ్మన్న కుటుంబం హఠాత్తుగా వేరే దేశం వెళ్ళిపోతోందట. పనికి ఇంకో ఇల్లు దొరక్కపోతే వెనక్కి పంపేస్తారని మంజుల చెప్పింది. ఆ మాటకు ఖతీజాబీ ముఖం తెల్లబోయింది. అయేషా పెట్టిన సెలవు ఆ రోజుతో అయిపోతుంది. ఫ్రిజ్ తలుపు మీద గడియారాల కాగితం లేదు, దాని జిగురు మరకలు మాత్రం నాలుగు మూలలా ఉన్నాయి.

అయేషా ఆమెను సోఫాలో కూర్చోబెట్టింది. వంట వచ్చా అని కానీ, జీతమెంత అని కానీ అడగలేదు.

"ఊర్లో చంటిబిడ్డ ఉందా?"

"లేదు మేడం. అందరూ పెద్దపిల్లలే," అంది ఖతీజాబీ. నేర్పిన పాఠం అప్పజెప్పినట్టుంది.

అంతలో లోపలి గదిలో షిఫా నిద్రలేచి ఏడ్చింది. ఖతీజాబీ ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది. ఆమె రెండు చేతులూ పమిటను ఛాతీ మీదికి లాక్కున్నాయి. లాక్కునేలోపలే జాకెట్టు మీద తడి అయేషా కంటబడింది.

లోపల పాప ఏడుస్తూనే ఉంది. అయేషా ఆ గదిలోకి వెళ్ళలేదు. ఆమె ఆ మనిషి పక్కన కూర్చుని చేయి పట్టుకుంది.

"బిడ్డకు ఎన్నో నెల?" అని అడిగింది మెల్లగా.

ఖతీజాబీ పాప ఏడుపు వినిపిస్తున్న తలుపు వైపే చూసింది.

"ఏడు," అంది చివరికి.