రంగు వేసిన తలుపు

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన సయీద్‌కు పాత తలుపుల దుకాణం ఉంది. ఇళ్లు కూలగొట్టే పని ఒప్పుకుని, వాటి తలుపులు, కిటికీలు తెచ్చి అమ్ముతాడు. తలుపుల మీది రంగు గీకి, లోపలి టేకు బయటపెట్టే పని చెల్లెలు షహీన్‌ది. జీతం లేదు. పుట్టింటి కూడు తింటోంది కదా, ఇంకా జీతమెందుకట!

రెండేళ్ల క్రితం ఆమె భర్త జావేద్ "బొంగులూరు ఇల్లు బాగు చేయించి తీస్కపోత" అని ఇక్కడ దింపి వెళ్లాడు. అప్పటి నుంచి షహీన్ ఎదురుచూస్తూనే ఉంది. తల్లి వజీర్ బీ రోజూ పొద్దున చాయ్ చేతికిస్తూ "వస్తడు బేటా, జర సబర్ పట్టు" అనేది.

ఆ పొద్దున బుగ్గయ్య అనే రైతు కొత్త ఇంటికి తలుపు కోసం వచ్చాడు. అన్నీ చూసి, గోధుమరంగు వేసిన ఓ తలుపు దగ్గర ఆగాడు.

"పాత తలుపుకు రంగేసిన్రేంది? లోపల పుచ్చిందా? జర గీకి సూపియ్యి బిడ్డా. నేను ఆటోల ఉన్న మా ఇంటిదాన్ని పిల్సుకొస్త."

అడిగింది న్యాయమే. ఈ వ్యాపారంలో గీకడమే కానీ రంగు వేయడమన్నది లేదు. "గా తలుపొద్దు, ఇంకోటి సూపిద్దాం" అంటూ సయీద్ పరుగున వచ్చేసరికే షహీన్ సగం గీకేసింది. కింద ఆకుపచ్చ రంగు బయటపడింది. ఎవరొచ్చారో చూడటానికని ఒకప్పుడు తానే మేకు కాల్చి పెట్టిన వంకర కన్నం, లప్పంతో పూడ్చేసి కనిపించింది.

"భయ్యా, ఇది నా ఇంటి తలుపు."

సయీద్ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

"ఎవరు కూలగొట్టిన్రు?"

"నేనే. జావేద్ ఇల్లు ప్లాట్ల వెంచరోళ్లకు అమ్మి, కూలగొట్టనీకి నన్నే పిలిచిండు. నేను గాకుంటే ఇంకొకడు కూలగొడ్తుండె. నీకు తెల్వద్దనే రంగేసిన."

"ఆయన?"

"ఇంకో నికా జేసుకుండు."

మాటలు విని వెనక ఇంట్లోంచి వచ్చిన తల్లివైపు షహీన్ తిరిగింది. "అమ్మీ, నీకెరుకేనా?"

వజీర్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసు.

పుండు మీద కారం చల్లడానికి, ఆమె వెంటే వచ్చిన వదిన అస్రా ఉండనే ఉంది. "నేనే చెప్పద్దన్న. తెలిస్తె మూలకు కూసొని ఏడుస్తవ్. గివన్నీ ఎవరు గీకాలె?"

మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడన్నా రాని ఏడుపు, ఆ మాటకు కట్టలు తెంచుకుంది.

ఇంతలో బుగ్గయ్య భార్యతో తిరిగొచ్చాడు. తలుపు తట్టి చూస్తే ఎక్కడా పుచ్చు లేదు, ఇద్దరికీ నచ్చింది. పాత తలుపు కొనేవాళ్లంతా అడిగేదే ఆయనా అడిగాడు.

"ఆ ఇంటోళ్లు మంచిగ బతికిన్రా?"

"పిల్లాపాపలతోని మస్తు బతికిన్రు" అనేది సయీద్ ప్రతి తలుపుకూ చెప్పే జవాబు. ఈసారి చెల్లెలి వైపు చూశాడు. షహీనే చెప్పింది.

"బతకలేదు కాకా. మొగడు ఇడ్సిపెట్టిండు. అన్న ఇల్లు కూలగొట్టిండు. ఆ ఇంటిది ఏం తెల్వక, తన తలుపు తానే గీకింది."

బుగ్గయ్య భార్య చప్పున తలుపు మీంచి చెయ్యి తీసేసింది. ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

సయీద్ మట్టిలోనే కూలబడి వలవలా ఏడ్చాడు. "మాఫ్ జెయ్యి చెల్లె. గీ తలుపు ఎవ్వరికి అమ్మను. నీకే ఉంచుత."

"తలుపు ఉంచుతవు భయ్యా," అంది షహీన్, "ఏ గోడకు పెట్టుకోవాలె?"