మంత్రాల రాజ్యంలో రోజా

"ముప్పై ఒకటో పేజీలో చచ్చిపోయినోడు నలభైలో అన్నం తింటా ఉండాడు. అదేందో చెప్పండి," అంది అబిగయీలు.

కౌంటరు అవతల నిలబడ్డ గిద్యోను ముఖం ఎర్రబడింది. తన మొదటి ఫాంటసీ నవలను టైపు చేయమని నెల్లూరులోని ఆ డీటీపీ సెంటర్లో ఆమెకు ఇచ్చి వారమైంది.

"చచ్చింది విరూపకేతు. తినేది విరూపసేతు. మీరే తప్పు కొట్టినారు."

"మరి విరూపధాతు?"

"వాళ్ళ చిన్న తమ్ముడు."

"జీతానికి చదివేదాన్ని, నాకే తికమకైంది. కొనుక్కున్నోడు పదో పేజీలోనే మూసేస్తాడు. ఒక్కో పేరు ఒక్కో అక్షరంతో మొదలు కావాల. నోరు తిరగాల."

గిద్యోను కాగితాలు లాక్కుని వెళ్ళిపోయాడు. ఇక రాడనుకుంది. శనివారం వచ్చాడు. బుచ్చిరెడ్డిపాలెం స్కూల్లో సైన్సు చెప్పే ఆ మనిషి అప్పట్నుంచీ ప్రతి శనివారం వచ్చి, ఆమె పక్కన స్టూలు వేసుకుని ఒక్కొక్క పేరే మార్చాడు. పెద్దవాడు అగ్గిరాజు అయ్యాడు, నడిపివాడు మేఘన్న, చిన్నవాడు కొండడు. పేరు కుదిరినప్పుడల్లా ఇద్దరూ పైకి పలికి చూసుకుని నవ్వుకునేవాళ్ళు. శనివారం కోసం ఎదురుచూడటం అలవాటైందని అబిగయీలు ఎవరికీ చెప్పలేదు.

ఐదో శనివారం, వాన పడుతుండగా, రాకుమారి వచ్చే అధ్యాయం కొత్తగా రాసి తెచ్చాడు. ఆ పిల్ల పేరు రోజా.

అబిగయీలు వేళ్ళు ఆగాయి. "మంత్రాల రాజ్యంలో రోజా ఏంది?"

"రెండక్షరాలు. తేలిగ్గా ఉంటుందని..." అంటూ అతను వాన వైపు చూశాడు.

ఆ చూపు తప్పించడం ఆమెకు నచ్చలేదు. రాకుమారి ఆలోచనలో పడితే ఘంటం చివర కొరుకుతుందట. ఎడమ మణికట్టు మీద పుట్టుమచ్చ ఉందట. ఊహించి రాసినట్టు లేదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి రాసినట్టుంది. ఎవతో ఉంది, అనుకుంటూ పెన్ను మూత కొరికింది.

మరుసటి వారం ప్రూఫులో రోజా అన్నచోటల్లా చెంచమ్మ అని మార్చిపెట్టింది. మనసిచ్చిన పిల్ల పేరైతే గింజుకోక ఏం చేస్తాడు?

గిద్యోను నాలుగు పేజీలు చదివాడు. "బాగుంది. ఇదే ఉంచండి."

అతను గింజుకోకపోయినా ఆమె అనుమానం తీరలేదు. "మరి రోజా ఏమీ అనుకోదా?"

"ఏ రోజా?"

"పుట్టుమచ్చ ఉండే రోజా."

అతను కీబోర్డు మీదున్న ఆమె ఎడమ చేతి వైపు చూశాడు. ఆమె కూడా చూసుకుంది. వాచీ పట్టీ పక్కనే నల్లగా, పుట్టినప్పట్నుంచీ ఉన్న మచ్చ.

"ముందు మీ పేరే రాసినా," అన్నాడు నెమ్మదిగా. "మీ చేత మీ పేరు టైపు చేయించే ధైర్యం లేక కొట్టేసినా."

"ఇప్పటికిప్పుడు అల్లి చెప్తా ఉండారేమో. చేత్తో రాసింది చూపించండి."

అతను సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు. ఆమె దాన్ని ట్యూబులైటు కిందికి తీసుకెళ్ళింది. రోజా అన్న మాట కింద కొట్టేసిన అక్షరాలు కనిపించాయి. ఒక పేజీ చూసి నమ్మలేదు. రెండోది తిప్పింది, మూడోది తిప్పింది. అన్నిట్లో ఒకటే పేరు, అన్నిట్లో ఒకటే తప్పు. అబిగేలు అని రాశాడు.

ఎర్ర పెన్ను తీసి, పక్కన అబిగయీలు అని దిద్దింది.

"ఆదివారం ఆరాధన అయినాక మా నాయన ఇంట్లోనే ఉంటాడు," అంది తలెత్తకుండా. "మైపాడు బస్సెక్కి రండి. ఆయన ముందర మాత్రం నా పేరు సరిగ్గా పలకండి."