వదలమంటే వదలాలి

మా వార్డు చివర ఒక చీకటి గది ఉంది. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు, దాన్ని అందరూ పిలిచేది అలాగే. మెదడులో రక్తనాళం చిట్లిన వాళ్ళకి వెలుతురు పడదు, చప్పుడు పడదు. అందుకని కిటికీలకి ఆకుపచ్చ గుడ్డ కట్టి, మెషిన్ల గొంతు తగ్గించి పెడతాం. మిట్టమధ్యాహ్నం కూడా అందులో తడుముకుంటూ నడవాల్సిందే. పదకొండేళ్ళ సర్వీసు కదా, నాకు ఆ తడుములాట అక్కర్లేదు.

అక్కడ గంటకోసారి పరీక్ష. కళ్ళలో టార్చి వేసి కంటిపాప ముడుచుకుంటోందో లేదో చూడాలి. పేరేంటో, ఎక్కడున్నారో అడగాలి. వేలికి సూది గుచ్చి షుగర్ చూడాలి. తరవాత మన రెండు వేళ్ళు వాళ్ళ చేతికిచ్చి గట్టిగా పట్టుకోమనాలి. అక్కడితో అయిపోదు. వదలమని కూడా అనాలి. పట్టుకోవడానికేం, పురిటిబిడ్డ కూడా పట్టుకుంటుంది. వదలమంటే వదిలినప్పుడే మాట బుర్రకెక్కినట్టు లెక్క. కొత్తగా చేరిన నర్సులకి ఇది నేనే నేర్పుతాను, కాస్త గొంతు పెంచి మరీ.

ఇన్ని నీతులు చెప్పే నేను మూడు వారాల కిందట ఏం చేశానో వినండి.

ఆ గదిలో ఒక ముసలాయన ఉండేవాడు. టైలర్ తాత అనేవాళ్ళం. నలభై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి, బొటనవేలి పక్కన కాయ కాసి రాయిలా ఉండేది. గంట గంటకీ నేను వేధిస్తుంటే నవ్వేవాడు. "పట్టుకోమంటావు, వదలమంటావు. ఏదో ఒకటి చెప్పమ్మా." ఒకరోజు మూడింటికి ఆయన్ని చూశాను. నాలుగింటికి బయట వార్డులో ఒకరికి ఫిట్స్ వచ్చాయి. ఐదింటికి ఇంకేదో. తాత బాగానే ఉన్నాడులే అనుకుని, చార్టులో నాలుగింటి, ఐదింటి గడుల్లో మూడింటి అంకెలే దించేశాను. ఆరింటికి వెళ్ళేసరికి ఒక కంటిపాప విచ్చుకుని కన్నంతా నల్లగా ఉంది. ఆ రాత్రికే పోయాడు. చార్టు చక్కగా ఉంది కాబట్టి నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. నేనూ నోరు విప్పలేదు. అప్పట్నించీ అన్నం ముద్ద దిగితే ఒట్టు.

ఇప్పుడు అదే మంచం మీద మా అక్క.

అమ్మ పోయాక నాకు జడలు వేసిందీ, వీపు విమానం మోత మోగించిందీ, నర్సింగులో చేర్పించిందీ అక్కే. పొద్దున బాత్రూంలో కుప్పకూలింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. డాక్టర్ గారు స్కానింగ్ చూసి, "ఐదింటికి థియేటర్ ఖాళీ పెట్టిస్తాను. ఈలోపు ఎడమ చెయ్యి కదిలితే తల తెరవక్కర్లేదు. కదలకపోతే తెరవాల్సిందే. ఏదైనా మీరు చెప్పే దాన్నిబట్టే సిస్టర్," అన్నారు.

సొంతవాళ్ళకి డ్యూటీ చెయ్యకూడదు. నేనే చేస్తానని మొండికేశాను. ఇంకొకరు చూడకుండా గడులు నింపేస్తే? నా బుద్ధి నాకు తెలుసు కనుక లోకమంతా అలాగే కనబడింది.

నాలుగింటికి లోపలికి వెళ్ళాను. స్పిరిట్ వాసనలో ఇంకేదో కలిసింది. మెషిన్ నూనె. స్ట్రెచర్ చక్రాలకి వేసి ఉంటారనుకున్నాను. కళ్ళు చూశాను, రెండూ సమానంగా ఉన్నాయి. టార్చి ఆపేశాను. కళ్ళకి తప్ప టార్చి వెయ్యకూడదక్కడ.

"అక్కా, నువ్వెక్కడున్నావు?"

"నీ నెత్తిమీద," అంది ముద్దముద్దగా. ప్రాణం లేచొచ్చింది.

కుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది, వదలమంటే వదిలింది. ఎడమ వైపుకి తిరిగి దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చాను. పొద్దుట్నించీ అక్కడ దొరుకుతున్నది ఒట్టి తడిగుడ్డ లాంటి చెయ్యి. ఆశ లేకుండానే అన్నాను, "పట్టుకో అక్కా."

పట్టుకుంది.

ఏడుపొచ్చేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది, గట్టిగా ఉంది. వదలమని అనలేదు నేను. అనాలని గుర్తే లేదు. నా వేళ్ళు లాక్కుని ఫోన్ దగ్గరికి పరిగెత్తాను. "సార్, ఎడమ చెయ్యి వచ్చింది సార్." డాక్టర్ గారు సంతోషించి థియేటర్ ఇంకో పేషెంటుకి ఇచ్చేశారు. వరండాలో బావ నా మాట వినగానే మొహం కప్పుకుని ఏడ్చాడు.

ఐదింటికి మళ్ళీ వెళ్ళాను. నూనె వాసన ఎక్కువైంది. అక్క గురక పెడుతోంది. ఆ గురక నాకు నచ్చలేదు.

"అక్కా... పట్టుకో."

దుప్పటి కింద చెయ్యి వెంటనే అందుకుంది. నేను అడగడం కోసమే కాచుకున్నట్టుగా.

"ఇక వదులు."

వదల్లేదు.

"వదులక్కా..."

ఇంకా బిగించింది. అప్పుడు తగిలింది నా వేలికి. బొటనవేలి పక్కన గట్టిగా, రాయిలా... కాయ.

ఎడమ చేత్తో టార్చి వెలిగించాను. అక్క ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. మూడింటి పరీక్ష తరవాత ఎవరో సెలైన్ సూది పెట్టి, కదలకుండా అట్టముక్కకి కట్టి, దిండు మీద పెట్టి వెళ్ళారు. వేళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

నా కుడి చెయ్యి ఇంకా దుప్పటి కిందే ఉంది. ఇంకా ఎవరో పట్టుకునే ఉన్నారు.

మంచం అవతలి నుంచి, చాలా దగ్గరగా...

"ఏదో ఒకటి చెప్పమ్మా."

ఎలా విడిపించుకున్నానో తెలీదు. పారిపోవాలనిపించింది, నిజం చెప్తున్నాను. కానీ టార్చి వెలుగు అక్క మొహం మీద పడింది. రెప్ప ఎత్తి చూశాను. కుడి కంటిపాప విచ్చుకోవడం మొదలైంది.

సంగతి చెప్పగానే ఫోన్‌లో డాక్టర్ గారి గొంతు మారింది. "నాలుగింటికి పట్టుకుందన్నారు కదా?"

రిసీవర్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"తప్పు చెప్పాను సార్. సరిగ్గా చూడకుండా చెప్పాను. ఇంతకు ముందూ అలాగే చేశాను. టైలర్ తాతకి నాలుగింటి, ఐదింటి గడులు చూడకుండా రాశాను సార్. ఆయన్ని నేనే పోగొట్టాను. నన్నేమైనా చెయ్యండి, మా అక్కని మాత్రం ఇప్పుడే తీసుకెళ్ళండి."

"పేషెంటుని తీసుకురండి," అన్నారు డాక్టర్ గారు.

అదృష్టం, రెండో పేషెంటుని ఇంకా బల్ల మీద పడుకోబెట్టలేదు. స్ట్రెచర్ తోసుకుంటూ పరిగెత్తాం. చెయ్యాల్సిన పాపం చేసి, ఒప్పుకోవాల్సింది ఒప్పేసుకున్నాను. ఇంక నన్ను వదిలేస్తాడులే అనుకున్నాను.

థియేటర్ ముందు దీపాల వెలుగులో డాక్టర్ గారు వంగి అక్క భుజం తట్టారు. "అమ్మా, మీ పక్కన ఎవరున్నారు?"

అక్క ఒక కన్ను తెరిచింది. "చెల్లి."

"ఇంకా?"

"ఆ పెద్దాయన."

"మీ ఆయన్ని అప్పుడే పెద్దాయన్ని చేసేశారే," అన్నారు డాక్టర్ గారు. బావ నవ్వబోయాడు. బావ స్ట్రెచర్ కుడి వైపున ఉన్నాడు. అక్క చూస్తున్నది ఎడమ వైపుకి.

అప్పుడు లేచింది ఆ చెయ్యి. అట్టముక్కతో సహా, మెల్లిగా, ముందుకి.

"అరే, ఎడమ చెయ్యి కదులుతోంది. మంచిదే సిస్టర్, రాసుకోండి. కంటిపాప విచ్చుకుంది కనక తెరవడం మాత్రం తప్పదు."

బావ రెండు చేతులూ జోడించాడు. అందరి మొహాల్లోనూ వెలుగు. నేను పదకొండేళ్ళుగా చేతులు చూస్తున్నాను. మనిషి తన చెయ్యి తాను లేపితే ముందు భుజం కదులుతుంది. అక్క భుజం కదల్లేదు. మణికట్టు దగ్గర్నుంచి లేచింది. వేళ్ళు వేలాడుతూనే ఉన్నాయి.

"నువ్వు చెప్పవే," అంది అక్క నాతో, వినీ వినబడకుండా. "నేను వదలమంటే వదలట్లేదు."

"వదులు తాతా," అన్నాను. బావ ఉలిక్కిపడి నా వంక చూశాడు.

స్ట్రెచర్ లోపలికి కదిలింది. అందరికంటే ముందు ఆ చెయ్యే గడప దాటింది. తలుపులు మూసుకునే దాకా కిందికి దిగలేదు.