షుకూర్ పొలానికి మళ్లిన నీళ్లు

పొద్దున్నే యాదమ్మ చాయ్ గ్లాసు తెచ్చి మామ ముందు పెట్టింది. సత్తయ్య చేయి చాపాడు. చేయి గ్లాసుకు జానెడు పక్కన పడింది. నేల మీద ఏదో దులుపుతున్నట్టు నటించి, తడుముకుంటూ గ్లాసు అందుకున్నాడు. యాదమ్మ చూసి కూడా చూడనట్టే పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

సత్తయ్య ఆ ఊరి నీరటి. శామీర్‌పేట అవతల వాగుకు అడ్డంగా కట్టిన రాతి కత్వ నుంచి వచ్చే కాలువ నీళ్లను ఏ రోజు ఎవరి పొలానికి విడవాలో చూసి, గట్టులో ఆ పొలం మడవ, అంటే నీళ్లు పారే గండి, తీసే పని అతనిది. ముప్పై ఏళ్లుగా అతని మాటకు ఏ రైతూ ఎదురు చెప్పలేదు. ఆ ఏడు, తొంభై ఏడులో, వానలు సరిగ్గా పడలేదు. వరి పొట్టకొచ్చింది. ఒక్క తడి తప్పినా గింజ తాలుపోతుంది.

రెండు వారాల కింద జనార్ధన్ పటేల్ వంతు రోజున అతని పొలానికి చుక్క నీరు రాలేదు. పక్కనున్న షుకూర్ పొలం మాత్రం నిండింది.

“జనార్ధన్ పటేల్ మడవ నా చేతులతోని తీసిన. నేనిటు రాంగనే నీ మడవ తీసుకొని నీళ్లు మళ్లించినవ్!” అని సత్తయ్య పదిమందిలో షుకూర్‌ను నిలదీశాడు.

షుకూర్ తలవంచుకుని, “తప్పైంది సత్తన్నా” అన్నాడు. శిక్షగా అతని తర్వాతి వంతు రద్దు చేశారు. చిన్నప్పుడు కలిసి పశువులు కాసిన ఆ ఇద్దరూ ఆనాటి నుంచి మాట్లాడుకోలేదు.

చాయ్ తాగి సత్తయ్య కాలువకు బయల్దేరాడు. కాసేపటికి యాదమ్మ కూడా పార తీసుకుని వెనకాలే నడిచింది. ఆ రోజు లక్ష్మమ్మ వంతు. సత్తయ్య ఆమె మడవ దాటిపోయి బుచ్చమ్మది తవ్వి వెనుదిరిగాడు. అతను కాస్త దూరం పోయాక యాదమ్మ దాన్ని మూసి, లక్ష్మమ్మ మడవ తీసింది. నీళ్ల చప్పుడు మారడంతో సత్తయ్య గిరుక్కున తిరిగాడు.

“ఎవరది?”

“నేనే మామా.”

“ఎన్ని దినాల సంది ఈ ఎంబడి తిరుగుడు?”

“పది దినాలు.”

సత్తయ్య ముఖం తిప్పుకుని ఇంటివైపు నడిచాడు. ఇంటికొచ్చాక, దూలపల్లి కంపెనీకి బయల్దేరుతున్న కొడుకు లక్ష్మణ్ ముందు భగ్గుమన్నాడు.

“నీ పెండ్లాం నన్ను ఊరందరి ముందు గుడ్డోన్ని చేస్తాంది రా!”

“ఊర్ల ఎవ్వరికీ చెప్పలే మామా,” అంది యాదమ్మ. “ఆయనకు గూడ చెప్పలే. నీ పేరు పోవద్దనే చేసిన. గని షుకూర్ కాకా పేరు పోయింది గద? రోజూ నువ్వు ఒక మడవ అనుకొని ఇంకోటి తీస్తున్నవ్. ఆ దినం గూడ గట్లనే అయ్యుంటది. ఆయన దొంగతనం చేసిండని నువ్వు కండ్లార చూసినవా?”

సత్తయ్య మెల్లగా గడప మీద కూలబడ్డాడు. అలా ఎంతసేపు కూర్చున్నాడో! చివరికి లేచి, తడబడే అడుగులతో షుకూర్ ఇంటి దారి పట్టాడు.

షుకూర్ భార్య అజ్మతున్నీసా నులకమంచం వాల్చింది. సత్తయ్య కూర్చోలేదు.

“షుకూరూ, ఆ దినం నీ మడవ తీసింది నేనేనా?”

“నువ్వే. నేను గట్టు మీదనే ఉన్న. పటేలే తన వంతు నాకు ఇడువమన్నడేమో అనుకున్న.”

“మరి పదిమందిల ఎందుకు చెప్పలే?”

“నువ్వు నిలదీసినప్పుడే నీకు కనవడుతలేదని సమజైంది. చెప్తే నీ కండ్ల సంగతి బయటపడుతుండె. నీరటి పని తీసేస్తుండ్రి. నాకేమైంది, నాలుగు మాటలు పడ్డ, ఒక తడి పోయింది. నువ్వు ఆ కాలువ లేకుంటె బతుకుతవా సత్తన్నా?”

సత్తయ్య షుకూర్ రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మర్నాడు కత్వ దగ్గర రైతులందరినీ పిలిపించాడు. “షుకూర్ దొంగ కాదు. నా కండ్లకు పొర వచ్చింది. కనవడుతలేదని చెప్పెతందుకు భయపడి దోస్తు మీద నింద ఏసిన. మాఫ్ చెయ్యుండ్రి. ఇగ మా కోడలు నీళ్లు ఇడుస్తది.”

“ఆడిమనిషా?” ఎవరో గొణిగారు.

“పది దినాల సంది మీ పొలాలు తడిపింది ఆమెనే,” అన్నాడు సత్తయ్య, తల ఎత్తి.

జనార్ధన్ ముందుకొచ్చి, “యాదమ్మా, ఇయ్యాల ఎవరి వంతు?” అని అడిగాడు. సత్తయ్య అలవాటు కొద్దీ చెప్పబోయి ఆగిపోయాడు.

“నీదే పటేలా,” అంది యాదమ్మ.

“నాది రేపు చూద్దాం. ముందుగాల షుకూర్ పొలం తడుపు బిడ్డా.”

యాదమ్మ కొంగు బిగించి పార అందుకుంది. మేడ్చల్‌లో కంటి డాక్టర్ దగ్గరికి పోవాలని షుకూర్ సత్తయ్య చేయి పట్టుకుని బస్సు దిక్కు నడిపించాడు. గట్టు దిగుతుండగా సత్తయ్య మళ్లీ కండ్లు తుడుచుకున్నాడు.

“ఇగ ఊకో సత్తన్నా,” అన్నాడు షుకూర్ నవ్వుతూ. “గట్ల ఏడ్చి ఉబ్బిచ్చుకుంటె, పాపం డాక్టర్‌కు నీ కన్ను ఎక్కడ కనవడాలె?”