గుంటల పలక తిప్పిన సాయంత్రం

మా అన్న కోల్బీ తూటాల్లో మందు పోసేటప్పుడు వాడి ముఖం చూస్తే ఎవరికైనా గిల్లబుద్ధేస్తుంది. నాలుక చివర బయటికి, కనుబొమలు పైకి, ఊపిరి లోపలికి. ఖాళీ ఇత్తడి గొట్టాలు గుంటల పలకలో వరసలుగా నిలబడి ఉంటాయి. ఒక్కోదాని మూతి మీద మందు గిన్నె ఆనించి పిడి లాగుతాడు. చిటికెడు మందు పడుతుంది. తర్వాత పక్కది. ఆ కాసేపూ వాడితో ఎవరూ మాట్లాడకూడదు. చర్చిలో పాస్టరుగారికి కూడా నేను అంత మర్యాద ఇవ్వను.

డిసెంబరు నెల. మా మోంటానాలో నాలుగున్నరకే చీకటి. షెడ్డులో కట్టెల పొయ్యి రాజుకుంటోంది. మధ్యాహ్నమంతా ఇద్దరం పాత సీసం కరిగించి, అచ్చులో పోసి, గుండ్లు తీశాం. గదంతా గుండ్లకి రాసిన తేనెమైనం వాసన, చల్లారుతున్న సీసం వాసన. బయట మంచు చప్పుడు లేకుండా పడుతోంది.

"మార్నీ, నోరు విప్పావంటే బయట పడుకోబెడతా" అన్నాడు కోల్బీ, గిన్నె ఎత్తుతూ.

"విప్పనులే అన్నాయ్. నాలుక లోపల పెట్టుకో, ఈగ వాల్తుంది."

వాడు రెండు వరసలు పోశాక నేను మెల్లగా జారుకున్నాను. వెనక నుంచి తిరిగొచ్చి కిటికీ మీద గోటితో గీరాను. వాడు పిడి వదిలేసి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. వాడు ఇటు తిరిగేలోపు నేను అటు నుంచి లోపలికి దూరి, పలకని ముందున్నది వెనక్కి వచ్చేలా తిప్పేశాను. అంతే. వాడొచ్చి చూస్తాడు, పోసిన వరసలు దూరంగా కనిపిస్తాయి, "ఒసేయ్ కోతీ!" అని అరుస్తాడు, నేను నవ్వుతాను. అదీ నా పథకం.

వాడు వచ్చాడు. కూర్చున్నాడు. అదే క్షణంలో కరెంటు పోయింది.

లాంతరు వెలిగించి, ఆపిన చోటు నుంచే మొదలుపెట్టాడు. అంటే వాడు ఆపాననుకున్న చోటు నుంచి. కొన్ని వరసల్లో మందే పడదు, కొన్నిట్లో రెండుసార్లు పడుతుంది. నేను నవ్వడానికి సిద్ధంగా నోరు తెరుచుకుని ఉన్నాను. గొట్టం పెద్దది, మందు చిటికెడు. రెండుసార్లు పోసినా పొంగి కనపడదు. అందుకే గుండు పెట్టేముందు ప్రతి మూతిలోకీ టార్చి వేసి చూడాలని మా ఇంట్లో పద్ధతి. ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు అరుస్తాడు...

"టార్చి ఏదే?"

"వంటింట్లో ఉందేమో."

"పోనీలే. వరస తప్పే రకమా నేను?" అని గుండ్లు దిగగొట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడే చెప్పాలి. నాకు తెలుసు. మందు లేని తూటా పేల్చితే గుండు రివాల్వర్ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకొకటి పేల్చితే రివాల్వరే చీలిపోతుంది. రెండింతలు పడ్డదానికి ఆ కష్టం కూడా అక్కర్లేదు. ఆ ఒత్తిడికి తూటాలు కూర్చునే చక్రం దానిమ్మ పగిలినట్టు పగులుతుంది. పక్క పశువుల రాంచిలో ఉండే డ్వెయిన్ బాబాయికి అలాగే మూడు వేళ్లు పోయాయి. ఇప్పుడు ఆయన చెయ్యూపితే, పిలుస్తున్నాడో పొమ్మంటున్నాడో తెలీదని మేమే నవ్వుకునేవాళ్లం.

ఈ గుండు పెట్టాక చెబుతా అనుకున్నాను. తర్వాత, ఈ వరస అయ్యాక. వరసలు అయిపోయాయి. వాడు వేళ్లు విరుచుకుని లేచాడు.

"సూప్ వేడి చేసుకొస్తా. నువ్వు ఇవి తుడిచి డబ్బాలో సర్దు."

"సరే అన్నాయ్" అన్నాను. ఎంత మంచి పిల్లనో!

వాడు వెళ్లగానే త్రాసు తీశాను. వాడికి తెలియకుండా చెడ్డవి ఏరేస్తే సరిపోతుంది కదా. ఆ మసక వెలుగులో వాడు ఏ వరస నుంచి అందుకున్నాడో నాకూ తెలీదు. ఒక తూటా తూచాను. ఇంకోటి తూచాను. మూడోది కూడా తూచాను. ఇంట్లో పోసిన గుండ్లు ఏ రెండూ ఒకే బరువు ఉండవు. ఒకదానిలో బుడగ, ఇంకోదానికి అంచు. ఆ తేడా ముందు చిటికెడు మందు ఎంత? త్రాసుకి ఏమీ తెలీదు.

ఇక ఒకటే దారి. గుండు ఊడగొట్టే సుత్తి. తూటాని దాని బోలు తలలో బిగించి దిమ్మ మీద కొడితే గుండు, మందు బయటికొస్తాయి. ఠక్... ఠక్... మొదటి వరస, ఖాళీ. రెండో వరస, ఖాళీ. మూడోది సరిగ్గా ఉంది. నాలుగోదానికి గుప్పున రెండింతల మందు రాలింది.

చివరి వరసకి వచ్చేసరికి... ఆరు గుంటల్లో తూటాలే లేవు.

ఎప్పుడూ గోడకి వేలాడే రివాల్వర్ కూడా లేదు. వారం నుంచీ కోళ్ల దగ్గర నక్క తిరుగుతోంది. వెళ్తూ వెళ్తూ ఆ ఆరూ అందులో నింపుకుపోయాడు!

సుత్తి పడేసి తలుపు దగ్గరికి పరుగెత్తాను. గొళ్లెం మీద చెయ్యి వేశాను.

"తియ్యకు."

అవతల నుంచి. గుసగుసగా. కోల్బీ గొంతే.

"అన్నాయ్! రివాల్వర్ ఎక్కడుంది? పేల్చకు, నీకు దణ్ణం పెడతా..."

"చెప్పు."

వాడికి తెలిసిపోయింది అనుకున్నాను. సుత్తి దెబ్బలు విన్నాడు. కోపంగా ఉన్నాడు.

"పలక నేనే తిప్పాను" అన్నాను.

చిన్న చప్పుడు. టిక్. చూరుకి వేలాడే మంచు విరిగిందేమో.

"ఇంకా?"

"ఊరికే... నవ్వుకుందామని."

టిక్.

"ఇంకా?"

లాంతరు ఒత్తి సన్నబడింది. తలుపు సందులోంచి చలి కాదు, వేడి తగులుతోంది. కాలిన ఇత్తడి వాసన. ఎవరూ ఏమీ పేల్చలేదే...

"నువ్వు టార్చి వెయ్యలేదని చూశాను. చూసి కూడా చెప్పలేదు."

టిక్.

"ఇంకా?"

"అన్నాయ్, భయమేస్తోంది. లోపలికి రా."

"ఇంకా?"

"నీకు తెలియకుండా ఊడగొట్టేద్దామనుకున్నా. నువ్వు తిడతావని."

టిక్.

తలుపు చెక్క అవతల ఊపిరి. నా నోటికి ఎదురుగా, నా నోరున్న ఎత్తులోనే. కోల్బీ నాకంటే జానెడు పొడుగు.

"ఇంకా?"

లోపల ఒకటి మిగిలింది. అది నాకు కూడా నేను చెప్పుకోలేదు.

"ఒకవేళ... నీ చెయ్యి పోయుంటే..." ఏడుపు తన్నుకొచ్చింది. "నాకేమీ తెలీదని చెప్పేదాన్ని. నువ్వే వరస తప్పావని చెప్పేదాన్ని. నువ్వు నమ్మేవాడివి."

టిక్.

తర్వాత... ఏమీ లేదు. ఊపిరి కూడా లేదు.

ఇంటి వైపు నుంచి తలుపు చప్పుడైంది. మంచులో బూట్లు కరకరలాడుతూ వచ్చాయి. దూరం నుంచి. ఈల వేసుకుంటూ.

"ఒసేయ్, తలుపు తియ్యవే! సూప్ చేతులు కాల్చేస్తోంది!"

తీశాను. రెండు గిన్నెలతో కోల్బీ. వాడి చూపు గడప మీద పడింది, ఈల ఆగిపోయింది. గడప మీద రివాల్వర్ ఉంది. గొట్టం లోపలికి, నేను నిలబడ్డ వైపుకి.

"ఇది వంటింటి మేకుకి తగిలించాను కదా. నువ్వెప్పుడు పట్టుకొచ్చావ్?"

వాడు గిన్నెలు కింద పెట్టి దాన్ని ఎత్తాడు, చురుక్కుమన్నట్టు చెయ్యి మార్చుకున్నాడు. చక్రం విప్పబోయాడు, రాలేదు. దగ్గరగా చూసి తూటాని కొట్టే వెనక మీటని బొటనవేలితో పట్టుకుని, ఎంతో మెల్లగా కిందికి దించాడు.

"పేల్చడానికి పైకి లాగి ఉంది" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆరు తూటాలూ అరచేతిలోకి వంపి లాంతరు దగ్గరికి తెచ్చాడు. అడుగున, దెబ్బ తగిలితే నిప్పు పుట్టే చిన్న బిళ్లలు. ఐదింటి మధ్యలో గుంట పడి ఉంది. లోతుగా, కొత్తగా, తళతళలాడుతూ. ఐదుసార్లు ఎవరో ట్రిగ్గర్ నొక్కారు. ఒక్కటీ పేలలేదు.

కోల్బీ నన్ను చూశాడు. వాడి ముఖంలో వెటకారం లేదు.

"మార్నీ, ఎవరే నొక్కింది?"

వాడు గుంట పడ్డవాటిలో ఒకదాన్ని సుత్తితో ఊడగొట్టాడు. గుప్పున రెండింతల మందు రాలింది. బిళ్ల చెడిపోయిందేమో చూడ్డానికి ఆ ఖాళీ గొట్టాన్ని తిరిగి చక్రంలో పెట్టి, రివాల్వర్‌ని మంచు వైపు తిప్పి, ట్రిగ్గర్ నొక్కాడు.

ఠప్‌మని నిప్పు రవ్వ ఎగిరింది.