మరో మూడేళ్ళకు మరో వేరు

శుక్రవారంలోగా చేయాల్సినవి ఇవి. ముప్పై పేజీల రిపోర్టు. గైడు సంతకం. అయిదుగురు ప్రొఫెసర్ల ముందు ఇరవై నిమిషాల ప్రసంగం. చొక్కా ఇస్త్రీ. నాన్నకు ఫోను. చివరిది ఊరి అనుమతి. దాని పక్కన అప్పటికే టిక్కు పెట్టేశాను.

నా పేరు ఇలియేసా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. సువా నగరంలో మాస్టర్స్ చేస్తూ, రెండేళ్ళుగా కదవు దీవిలో పెద్ద ఆల్చిప్పలను లెక్కపెడుతున్నాను. "మాస్టర్స్ పూర్తి చేయనక్కర్లేదు. ఇదే పనిని పెంచు, నేరుగా పీహెచ్‌డీలోకి వచ్చెయ్" అన్నారు గైడు. బస్సు నడిపే మా నాన్న మాత్రం, "చేతికందినదాన్ని వదిలేస్తావా? రేపు అదీ రాక ఇదీ రాకపోతే?" అన్నాడు. శుక్రవారం అయ్యాక చెబుతానన్నాను.

నా స్నేహితురాలు ఉనైసిది ఆ దీవే. నేను నీళ్ళలో మునిగి అంకెలు చెబుతుంటే పడవలో కూర్చుని రాసిపెట్టింది తనే. కాస్త గొప్ప కోసం రిపోర్టు పంపాను. సాయంత్రానికల్లా ఫోను.

"పదకొండో పేజీలో అబద్ధం రాశావు."

"ఏంటది?"

"ఊరి అనుమతి ఉందన్నావు. ఎక్కడుంది?"

"అనుమతి అడగడానికి కావా వేరు తెచ్చి ఇచ్చానుగా! దాన్ని నూరి కలుపుకుని మీ పెద్దలంతా తాగారుగా!"

"రెండేళ్ళకి అడిగావు, రెండేళ్ళకి ఇచ్చారు. ఇంకో మూడేళ్ళు మా నీళ్ళలో మునగాలంటే మళ్ళీ వచ్చి అడగండి, డాక్టరుగారూ."

"ఇంకా డాక్టర్ని కాలేదు."

"మాస్టర్స్ కూడా అవలేదుగా!" నవ్వి పెట్టేసింది.

మంగళవారం పడవెక్కాను. దారంతా వాన. నేను తడిశాను గానీ ఒళ్ళో ఉన్న వేరు కట్టను తడవనివ్వలేదు. ఊరు కాదంటే పీహెచ్‌డీ లేదు. ఉనైసి నవ్వు కూడా ఇక వినపడదు. రెండోదే ఎక్కువ భయపెడుతోందని ఆ వానలోనే తెలిసింది.

చాప మీద పెద్దలు, వాళ్ళ వెనక ఉనైసి కూర్చున్నారు. నేను చిప్పలు లెక్కపెట్టే పగడపు దిబ్బ మీద పెద్ద మాట ఉనైసి అమ్మమ్మ లవేనియాది. ఊరంతా ఆవిడను 'బూ', అంటే అమ్మమ్మ, అనే పిలుస్తారు. అయిదో క్లాసుతో బడి మానేసిన మనిషి. వేరు ముందు పెట్టి, తలొంచుకుని అడిగాను.

"రెండేళ్ళు లెక్కపెట్టావు. ఇంకా ఏం తెలియలేదురా నీకు?"

"పోయినేడాది పిల్ల చిప్పలు ఉత్తరం వైపే ఎందుకు పెరిగాయో తెలియలేదు బూ."

"తుఫానొచ్చిన యేడు ఏరు బురదనంతా దక్షిణానికి తోస్తుంది. పిల్లలు ఉత్తరాన బతుకుతాయి. మా ఉనైసి తల్లి పుట్టిన యేడూ అంతే. అంతకుముందు..."

వేళ్ళు ముడుస్తూ యాభై ఏళ్ళ తుఫానులు చెప్పుకుంటూ పోయింది. ఏ యేడు ఎక్కడ ఎన్ని చిప్పలో, ఏ రాయి పక్కనో. నోటుబుక్కు తీయాలన్న ధ్యాస కూడా లేకుండా వింటూ కూర్చుండిపోయాను. నా ముప్పై పేజీలు ఆవిడ చిటికెన వేలికి సరిపోవు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం బూ?"

"నువ్వు చిప్పల్నే అడిగావు. నన్నెప్పుడు అడిగావు?"

చాప మీద అందరూ నవ్వారు. ఆవిడ వేరును తాకి, దొప్పలా ముడిచిన చేతులతో మూడుసార్లు చప్పట్లు చరిచింది. అనుమతి దొరికింది.

"ఇది నీళ్ళకి మాత్రమే. మా పిల్లని అడగాలంటే వేరు చాలదు, తిమింగలం పన్ను తేవాలి. తెలుసుగా?"

నేను ఉనైసి వైపు చూశాను.

"నన్ను చూస్తావేం? ముందు శుక్రవారం సంగతి చూసుకో!" అంది. పెదవి కొరుక్కున్నా నవ్వు ఆగలేదు.

శుక్రవారం ఒక ప్రొఫెసరు అడిగారు. "మాస్టర్స్ ముగించకుండా ఎందుకంత తొందర?"

"యాభై ఏళ్ళ సముద్రాన్ని గుర్తుపెట్టుకున్న ఒక మనిషి ఉన్నారు సార్. ఆవిడకి ఎనభై రెండేళ్ళు."

అడిగిన ప్రొఫెసరే ముందు కలం మూత తీశారు. తర్వాత అయిదుగురూ సంతకం పెట్టారు. ఆ జవాబే నాన్నకూ చెప్పాను. మరుసటి ఏడాది తిమింగలం పన్ను పట్టుకుని పడవెక్కింది ఆయనే.

బూ మా పెళ్ళి చూసింది. థీసిస్ చివరి అధ్యాయం మాత్రం చూడలేదు. తుఫాను మర్నాడు ఎక్కడైనా ఏరు ఎర్రగా సముద్రంలో కలుస్తుంటే మీరు చూస్తారు కదా, అప్పుడు లవేనియాను ఒక్కసారి తలుచుకోండి.