కుట్టుగది గుమ్మంలో ఇద్దరు

ఆ పాత కుట్టుగది వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. చీకటి దాకా ఎందుకు, మబ్బు పట్టినా వెళ్ళరు.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఆడపిల్లల బడికి కొత్త భవనం కట్టి పాతికేళ్ళు దాటింది. దాని వెనక పాత చెక్క వసారా ఒకటి మిగిలింది. వసారా చివర కుట్టుగది... తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. కిటికీలకి లోపల్నుంచి మందపాటి గుడ్డలు.

యాభై ఏళ్ళ కిందట ఇద్దరమ్మాయిలు అక్కడ కలుసుకునేవాళ్ళట. స్నేహమే, కానీ మామూలు స్నేహం కాదట. ఒకతెకి ఇంట్లోవాళ్ళు పెళ్ళి కుదిర్చారట. చదువు ముగిసిన రోజు సాయంత్రం ఇద్దరూ మణికట్లకి ఒకే ఎర్రదారం కట్టుకుని, మంచు కురుస్తుంటే, సముద్రంలోకి నడిచి వెళ్ళిపోయారట. మూడోనాటికి తిరిగొచ్చారట... కుట్టుగదికే.

ఇప్పటికీ సాయంత్రాలు గుసగుసలు వినిపిస్తాయంటారు. విన్నదానికి ఏమీ కాదు. విన్నదాని ప్రాణస్నేహితురాలు మాత్రం ఏడాది తిరక్కుండా దూరమైపోతుంది — ఎలాగో ఒకలాగ.

"అట, అట, అట! ఇన్ని అటల్లో ఒక్కటైనా కళ్ళతో చూసిన మొహం ఉందా మీలో?" అనేది ఫుమినో.

ఫుమినోకి పదహారేళ్ళు. ఆ పిల్ల నోటికి దెయ్యాలే జడవాలి, మనుషులెంత! బొమ్మల కథల క్లబ్బులో ఉండి బొమ్మల కథల్నే ఎగతాళి చేసేది. అందులోనూ అమ్మాయీ అమ్మాయీ ప్రేమించుకునే మాంగా బొమ్మల కథలంటే ఇక చెప్పనక్కర్లేదు. "చెయ్యి చెయ్యి తగలగానే ఆ లిల్లీపూలు ఎక్కణ్ణుంచి ఊడిపడతాయే? తలుపులన్నీ మూసి ఉంటే ఆ జుట్టెలా ఎగురుతుంది? సగం పుస్తకం చూపులతో సరి. ఆఖరికి ఒకతి రైలెక్కుతుంది, లేదంటే దగ్గుతుంది. దగ్గిందంటే పోయినట్టే!"

ఇన్ని మాటలూ అనేది ఎవర్ని? మిజుహోని. క్లబ్బులో బొమ్మలు గీసేది మిజుహో. గీతల మధ్య నల్ల సిరా పూసేది ఫుమినో. రోజూ పక్కపక్కనే కూర్చుని, ఒకే డబ్బాలో అన్నం తిని, ఒకే బస్సులో ఇంటికెళ్ళేవాళ్ళు. మిజుహో అంటే ఫుమినోకి ప్రాణం. ఆ మాట పైకి అనమంటే మాత్రం నాలుక మడత పడిపోయేది.

ఆ ఏడు బడి పండగకి మిజుహో కుట్టుగది అమ్మాయిల కథే గీసింది. ముప్ఫై రెండు పేజీలు. ముప్ఫై ఒకటో పేజీలో సముద్రం.

"ఎందుకే పాపం చంపుతావు వాళ్ళని?" అంది ఫుమినో, సిరా పూస్తూ.

"చంపకపోతే తర్వాత ఏం చేస్తారే వాళ్ళు?"

ఫుమినోకీ తెలీదు. తెలీదని ఒప్పుకుంటే ఫుమినో ఎలా అవుతుంది? "అన్నం తింటారు," అంది. క్లబ్బంతా గొల్లున నవ్వింది. పుస్తకాలు మాత్రం మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. కొన్న పిల్లలు మెట్ల మీద కూర్చుని మరీ ముక్కులు చీదారు. చీదరా మరి? పోయినవాళ్ళ కోసం ఏడవడానికి ఖర్చేముంది!

పండగైన రెండు వారాలకి వచ్చింది అసలు తంటా.

ఇద్దరికీ కలిపి ఒక నోటుబుక్కు ఉండేది. ఒకరోజు ఇది రాసి దానికిచ్చేది, మర్నాడు అది రాసి దీనికిచ్చేది. గురువారం నాడు మిజుహో రాసిన పేజీ ఇది —

"నువ్వంటే నాకిష్టం. ఎలాంటి ఇష్టమో నీకు తెలుసు. అవునంటే రేపు ఆరు గంటల గంట కొట్టేలోగా ఈ పుస్తకం కుట్టుగది గుమ్మంలో పెట్టు. కాదంటే నా చెప్పుల అరలో పెట్టు. కాదన్నావని ఏమీ అనుకోను. వచ్చే ఏడు సైన్సు గ్రూపు తీసుకుని వేరే తరగతికి వెళ్ళిపోతాను. మళ్ళీ అడగను. నీ ఎదురు కూడా పడను."

ఫుమినో చదివింది. మళ్ళీ చదివింది. చెవులు కాలిపోయాయి. తర్వాత ఒళ్ళు మండిపోయింది.

"నోరుంది కదే నీకు! ఎదురుగా కూర్చుని అడగొచ్చు కదా! దెయ్యాల గుమ్మంలో పెట్టడమేంటి?" అంది శుక్రవారం పొద్దున.

మిజుహో కిటికీలోంచి బయటికి చూస్తూ, "నోటితో అయితే అందం ఉండదే," అంది. ఆ రోజంతా మళ్ళీ ఫుమినో వైపు చూడలేదు.

నవంబరు నెల. అయిదింటికే పొద్దు గూకుతుంది. వానలో మంచు కలిసి కురుస్తోంది. అయిదూ నలభైకి ఫుమినో పుస్తకం పట్టుకుని వసారాలో అడుగు పెట్టింది.

కిర్ర్... అంది చెక్క.

"చెక్క. చలికి బిగిసింది. అంతే," అని తనకు తనే చెప్పుకుంది.

నాలుగడుగులు వేసింది. వెనక ఎవరో నడుస్తున్నట్టుంది. ఆగింది... అదీ ఆగింది. పైకప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి, అంతే. గడపలో పుస్తకం పడేసి పరిగెత్తడమే కదా! పరీక్ష హాల్లోకి వెళ్ళడం కంటే కష్టమా? ఇలా తనని తానే దెప్పుకుంటూ, వసారా చివరి దాకా వచ్చింది.

వంగి పుస్తకం కింద పెట్టబోయింది —

"...నా చెయ్యి... వదలకు..."

ఫుమినో అలాగే వంగి ఉండిపోయింది.

"...వదలను... ఈ లోకంలో మనకి చోటు లేదు... పద... సముద్రం పిలుస్తోంది..."

సన్నటి గొంతు. చిన్నపిల్ల గొంతులా ఉంది... కాని చిన్నపిల్లది కాదు. దాని వెనకే నవ్వు. ఒకటి కాదు, రెండు. ఎండిపోయిన నవ్వులు, దగ్గు కలిసిన నవ్వులు...

పరిగెత్తాలన్న ధ్యాస కూడా లేదు ఫుమినోకి. ఒకటే మాట తలలో తిరుగుతోంది: విన్నాను. నేను విన్నాను. ఇక మిజుహో పోతుంది. పెట్టినా పోతుంది, పెట్టకపోయినా పోతుంది...

ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే పిచ్చి కోపం వచ్చింది. రెండు పిడికిళ్ళతో తలుపు బాదింది.

"దాని జోలికి రాకండి! కావాలంటే నన్ను తీసుకుపోండి! దాన్ని వదిలెయ్యండి!"

చూశారా! ఏ మాటలు చదివి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేదో, అక్షరం పొల్లు పోకుండా అవే మాటలు.

లోపల నవ్వు ఆగిపోయింది. ఏదో కింద పడ్డ చప్పుడు... అడుగులు... తలుపు పక్కకి జరిగింది.

"నిన్ను తీసుకుపోయి ఏం చేసుకోమంటావమ్మా?"

కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి, ఒక చేతిలో మిజుహో గీసిన ముప్ఫై రెండు పేజీల పుస్తకంతో, గుమ్మంలో నిలబడింది... బడిలో రొట్టెలమ్మే మామ్మ, ఇనబా గారు!

వెనక కిరసనాయిలు స్టవ్వు మండుతోంది. దాని మీద చిలగడదుంపలు. స్టవ్వు పక్కన మేజోళ్ళు విప్పేసి పాదాలు కాచుకుంటోంది బడి తాళాలన్నీ మొలకి కట్టుకు తిరిగే కురోసే గారు.

"తలుపెయ్యండర్రా, వెచ్చదనమంతా పోతోంది," అంది కురోసే గారు. ఇనబా గారి వైపు తిరిగి, "చెప్పానా నోబూ, పైకి చదవకే అని!" అని విసుక్కుంది.

"చదవకుండా ఎలా ఉండనే? ఇందులో నన్ను చూశావా, చీమకి ఉన్నంత నడుము! నీ కళ్ళు చూడు, సగం మొహం కళ్ళే!"

ఫుమినో ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. రోజూ మధ్యాహ్నం చూసే మనుషులే ఇద్దరూ. పిల్లలందరూ కొనుక్కున్నాక చివర్న కురోసే గారు వచ్చి ఒక్క తియ్యరొట్టె కొంటుంది. "మళ్ళీ రండి, కురోసే గారూ." "వస్తానండీ, ఇనబా గారూ." వంగి దణ్ణం. అంతకు మించి ఆ ఇద్దరి మధ్య ఒక్క మాట విన్నవాళ్ళు లేరు. ఇక్కడేమో ఒసే అంటే ఒసే!

"మీరు... ఆ ఇద్దరూ... మీరేనా?" అంది ఫుమినో. "మరి... చచ్చిపోలేదా?"

"ఏం, పోవాలా?" అంది ఇనబా గారు.

"మరి ఆ కథ?"

"దాన్ని మొదలెట్టింది నేనే," అంది కురోసే గారు, దుంపని తిరగేస్తూ. "పదిహేడేళ్ళు నాకప్పుడు. ఇద్దరం కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుందామంటే చోటేది? ఎక్కడ చూసినా ఈ పిల్ల మందే. ఓ రోజు నోటికి అదుపు లేని పిల్లని చూసి, కుట్టుగదిలో ఏడుపు వినిపించిందే, ఎవరికీ చెప్పకే అన్నాను. వారం తిరిగేసరికి ఇటు కాకి కూడా వాలడం మానేసింది."

"సముద్రం మాది కాదు. అది తర్వాతెవరో కలిపారు."

"ఎర్రదారం కూడా మాది కాదు."

"పెళ్ళి మాత్రం నిజమే," అంది ఇనబా గారు. స్టవ్వు మంట చిటపటలాడింది. "పిల్లల్ని కన్నాను, పెంచాను. అత్తగారికి చాకిరీ చేశాను. ఇది పెళ్ళీ గిళ్ళీ వద్దని ఈ తాళాల పని పట్టుకుని ఇక్కడే ఉండిపోయింది. రొట్టెల కొట్టుకి మనిషి కావాలంటే పరిగెత్తుకొచ్చాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు. బడి వదిలాక అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఆదివారాలు లేవు."

కురోసే గారు పుస్తకాన్ని వేలితో అవతలికి తోసింది. "పోయిన పిల్లలంటే అందరికీ ముద్దేనమ్మా. పువ్వులు పెడతారు, పుస్తకాలేస్తారు. బతికి, ముసలై, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, దుంపలో పెద్ద ముక్క నీకా నాకా అని కొట్టుకుంటుంటే... ఎవడు గీస్తాడు? ఎవడు చూస్తాడు?"

"పెద్ద ముక్క ఎప్పుడూ ఇదే తింటుంది," అంది ఇనబా గారు.

తర్వాత ఫుమినో చేతిలో నోటుబుక్కు వంక చూసి, అదేంటని అడిగింది. ఫుమినో తల దించుకుని ఉన్నదంతా చెప్పింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"అంటే, అది అడిగితే నువ్వొచ్చి మాకు జవాబు చెబుతావా? నిన్ను అడిగింది మేమా?" అంది ఇనబా గారు.

"దానికే చెప్పు, పో. దెయ్యాల చేత కబుర్లు పంపించుకునే రాత మీకెందుకే? మాకంటే దిక్కు లేకపోయింది," అంది కురోసే గారు.

ఫుమినో లేచింది. గుమ్మం దాటబోతుంటే ఇనబా గారు చెయ్యి పట్టుకుని ఆపింది. అంతసేపూ వెటకారమాడిన మనిషి, ఇప్పుడు గొంతు తగ్గించింది. "అమ్మాయ్... మా కోడలి తమ్ముడు ఈ బళ్ళోనే లెక్కల మాస్టారు. ఎవరితోనైనా..."

"దెయ్యాలున్నాయని చెబుతాను," అంది ఫుమినో. "గట్టిగా చెబుతాను."

ఆరు గంటల గంట మోగింది. పడుతూ లేస్తూ పరిగెత్తింది.

మిజుహో బడి గుమ్మం దగ్గర చెప్పుల అరల ముందు నిలబడి ఉంది. తన అర తలుపు తెరిచి చూస్తోంది. ఖాళీగా ఉంది. అలికిడికి తల తిప్పింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి.

"అక్కడ... పెట్టావా?"

"లేదు."

మిజుహో మొహం మాడిపోయింది. మెల్లిగా అర తలుపు మూసింది.

"నా దగ్గరే ఉంది, చూడు! నేను అవునంటున్నాను. విన్నావా? నోటితో అంటున్నాను. అవును! అందం చాలకపోతే వెళ్ళి ఏ గోడ చేతనైనా అనిపించుకో!"

మిజుహో ఏడ్చింది. నవ్వింది. మళ్ళీ ఏడ్చింది. లిల్లీపూలేవీ పడలేదు. ముక్కు మాత్రం ఎర్రగా కందిపోయింది. కాస్త తేరుకున్నాక గుసగుసగా అడిగింది. "వెళ్ళావా అక్కడికి? నిజంగా... ఉన్నారా?"

"ఉన్నారు. ఇద్దరూ ఉన్నారు. ఈ కళ్ళతో చూశాను. జన్మలో అటు పోకు, ఎవర్నీ పోనివ్వకు."

ఫుమినోయే చూశానందంటే ఇంక తిరుగేముంది? ఆ తర్వాత పగటి పూట కూడా ఆ వసారాలో అడుగు పెట్టిన పిల్ల లేదు.

ఒకే గొడుగు కింద, చేతిలో చెయ్యి వేసుకుని గేటు దాటారు. బస్సు కోసం అప్పటికే వరుస ఉంది. చేపల బజారు నుంచి వచ్చే ఆడవాళ్ళు, ట్యూషన్ పిల్లలు, గొడుగు కింద లెక్కల మాస్టారు. దగ్గరికి వస్తున్న కొద్దీ ఫుమినో వేళ్ళు వాటంతటవే సడలిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. అయినా సడలిపోయాయి.

వెనక గేటు చప్పుడైంది.

"వెళ్ళొస్తానండీ, కురోసే గారూ."

"జాగ్రత్తండీ, ఇనబా గారూ. రోడ్డు జారుతోంది."

ఇద్దరూ నడుముల దాకా వంగి, పరాయి మనుషుల్లా దణ్ణాలు పెట్టుకున్నారు. ఇనబా గారు వచ్చి వరుసలో నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. కురోసే గారు తాళం వేసి, తన చీకట్లోకి తను వెళ్ళిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజూ ఇంతే.

అప్పుడు వేసింది ఫుమినోకి భయం. ఎముకల్లోకి దిగింది. వసారాలో వేసింది దీని ముందు ఏ పాటిది?

సడలిన చెయ్యి మళ్ళీ పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"అందరూ చూస్తున్నారే," అని గొణిగింది మిజుహో.

"చూడనీ."

లెక్కల మాస్టారు చూశాడు. చేపల ఆవిడ చూసింది. బస్సొచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. ఇద్దరూ కదలకుండా అలాగే నిలబడిపోయారు.

"ఎక్కండమ్మా, ఎక్కండి," అంది వెనక నుంచి రొట్టెల మామ్మ, అందరికీ వినబడేలా. "చేతులు వదలక్కర్లేదు. ఇద్దరికీ చోటుంది."